విడిపోయే క్రియలు

ఉలాన్‌బాతర్‌లో పొద్దున తొమ్మిదంటే
లైప్‌జిగ్‌లో రాత్రి రెండు.
నేను బొగ్గుపొయ్యి రాజేసే వేళకి
హెన్నింగ్ ఫోను చెవికి ఆనించుకునే
నిద్రపోయి ఉంటాడు.
అతని గురక వింటూ పాలటీలో ఉప్పు వేస్తాను.
దీన్ని ఏ కాగితం మీద రుజువు చేయమంటారు?

దారులు లేవని కాదు.
తొంభై రోజుల చూపుల వీసా ఒకటుంది.
వెళ్ళకముందే తిరిగొస్తానని నమ్మించాలి.
ఇల్లుందా, ఉద్యోగముందా,
నిన్ను వెనక్కి లాగేదేమైనా ఉందా?
ప్రేమించినవాడి దగ్గరికి వెళ్తూ
వదిలి వచ్చేస్తానని ఒట్టు పెట్టడం
నాకు చేతకాలేదు.

కాబోయే పెళ్ళికూతురి వీసా ఇంకొకటి.
దానికి నేను ఒంటరిదాన్నని సర్టిఫికెట్,
దాని మీద ముద్ర, ఆ ముద్ర అసలుదేనని మరో ముద్ర,
రెంటికీ జర్మన్ అనువాదం.
నా ఒంటరితనానికి చెల్లుబాటు ఆరు నెలలట.
గడువు దాటితే
మళ్ళీ మొదట్నించీ ఒంటరిదాన్ని కావాలి.

సరే, ఇక్కడే పెళ్ళి చేసేసుకున్నాం.
మా అమ్మమ్మ గొర్రె తోక కొవ్వు
పొడుగ్గా కోసి అరచేతిలో పెడితే
కళ్ళు మూసుకుని మింగాడు, పాపం.
పన్నెండో రోజు టాక్సీ వెనక
చెంచాతో పాలు చిలకరించాను, మా ఆనవాయితీ.
సున్నా కింద ముప్పై ఒకటి.
మసిబారిన మంచు మీద ఆ చుక్కలు
మర్నాటిదాకా తెల్లగా, గట్టిగా అలాగే ఉన్నాయి.

ఏ దారిన పోయినా గుమ్మంలో అదే పరీక్ష:
మొదటి మెట్టు జర్మన్.
వందకి అరవై.

దాష్‌జెవెగ్ మాస్టారు
డెబ్బై ఆరులో లైప్‌జిగ్‌లో అచ్చుపని నేర్చుకున్నవాడు.
ఐదో అంతస్తు గదిలో, టకటకలాడే హీటరు పక్కన
సుద్దముక్కతో ఒక క్రియని నరికి చూపించాడు.
"ఆన్‌రూఫెన్. ఫోన్ చేయడం.
వాక్యంలోకి దిగగానే రెండు ముక్కలవుతుంది.
ఒళ్ళు ముందర, తోక చిట్టచివర."
మధ్యలో ఎంత పడుతుంది మాస్టారూ?
"నీ ఊపిరి ఎంతుంటే అంత."

మా భాషలో క్రియ ఎప్పుడూ చివరికే వస్తుంది.
అందాకా వినేవాడు నోరు మూసుకుని ఉండాల్సిందే.
ఎదురుచూడటం మాకు వ్యాకరణం.
తెగిపోయి ఎదురుచూడటమే కొత్త.

మొదటిసారి యాభై ఎనిమిది వచ్చింది.
సెలవులకి ఇల్లు అద్దెకడుగుతూ రాసిన ఉత్తరంలో
ఒక తోక మరిచిపోయాను.
రెండు మార్కులు. ఆరు వేల కిలోమీటర్లు.
"మీ భాషలో నాకు ఎనిమిది కూడా రావు, చెల్‌మెగ్,"
అన్నాడు హెన్నింగ్.
నిజమే. ఇంకొంచెం టీ కావాలనడం ఒక్కటే వచ్చు.
అతన్నెవరూ పరీక్ష రాయమనలేదు మరి.

ఒకరోజు క్లాసయ్యాక అడిగాను,
మీరెందుకు అక్కడే ఉండిపోలేదని.
బోర్డు మీద సగం వాక్యముంది:
ఇష్ రూఫ డిష్...
తోక రాయకుండానే తుడిచేశాడు.
"అప్పట్లో, దారులు లెక్కపెట్టే శ్రమే ఉండేది కాదు,"
అని, చాలాసేపు
డస్టరుని కిటికీకేసి కొడుతూ ఉండిపోయాడు.

రెండోసారి పరీక్షలో, మాట్లాడే భాగం.
నాకొచ్చిన కార్డు మీద రైల్వే స్టేషను బొమ్మ.
ఒక ప్రశ్న అడగాలి.

వాన్ హోల్‌స్ట్ డు మిష్
స్టేషను నుంచి నన్నెప్పుడు, అని మొదలుపెట్టాను,
ఫొమ్ బాన్‌హోఫ్
అక్కడ గొంతు ఆగింది.
తోక నోట్లోనే ఉంది, నాలుక కింద,
ఆ కొవ్వుముక్కలా, మింగుడుపడకుండా.
ఆవిడ పెన్ను ఎత్తింది.
కిటికీలోంచి ట్రాలీబస్ తీగల మీది మంచు రాలింది.

ఆప్, అన్నాను.
ఉండాల్సినదానికన్నా కాస్త గట్టిగా.

పెన్ను కదిలింది.
ఏం రాసుకుందో చూశాను కానీ
తలకిందులుగా చదవడం
నాకింకా రాదు.